ఎల్ల దాటని డిక్రీ

కామారెడ్డి జిల్లాలోని బీబీపేట మొదలగు గ్రామములనుండి గల్ఫు రాజ్యములకు పోవు త్రోవ మన పాఠకులకు క్రొత్తది కాదు. వర్షములు తప్పి, బోరుబావులెండి, అప్పులు మాత్రము మిగిలిన యేండ్లలో ఈ సీమనుండి వేలకొలది యువకులు దుబాయి, సౌదీ అరేబియా, కతారు, కువైటు, ఓమాను, బహరేను ప్రాంతములకు కూలికై పోయినారు. చదువుకొన్నవారి బిడ్డలు అమెరికాకు, ఇంగ్లండునకు, ఆస్ట్రేలియాకు పోవుచున్నారు. మనిషి ఎల్ల దాటినప్పుడు అతడొక్కడే దాటుట లేదు. అతని అప్పు, అతని జీతము, అతని వివాహము, అతని బిడ్డలు, పిత్రార్జితమైన భూమిపై అతనికిగల హక్కు, ఇవి యన్నియు అతనివెంట సముద్రము దాటుచున్నవి. దాటనిది న్యాయస్థానమొక్కటే. ఒక రాజ్యపు న్యాయాధిపతి ఆజ్ఞ ఆ రాజ్యపు పొలిమేరకడ నిలిచిపోవును. ఈ చిక్కును గూర్చి మన గ్రామములలో చర్చ లేదు. శాసనసభలలోను చాలినంత చర్చ జరుగలేదు. నష్టము మాత్రము జరుగుచునే యున్నది.

ఈ చిక్కును విప్పుటకై యేర్పడిన శాస్త్రమునకు ప్రైవేటు అంతర్జాతీయ న్యాయమని పేరు. ఇది రాజ్యములకు నడుమ జరుగు యుద్ధములను, సంధులను గూర్చినది కాదు. వేర్వేరు రాజ్యములతో సంబంధముగల సామాన్యుల సివిలు వ్యాజ్యములలో మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే దీని పని. ఏ న్యాయస్థానము విచారింపవలెను? ఏ దేశపు చట్టముననుసరించి తీర్పు చెప్పవలెను? ఒక దేశమున చెప్పిన తీర్పును మరియొక దేశము మన్నించునా? మొదటి రెండు ప్రశ్నలును వకీళ్ల వాదములకు చాలినంత పని కల్పించును. కాని కక్షిదారుని బ్రదుకు మూడవ ప్రశ్నపై నాధారపడియున్నది. అమలు జరుగని డిక్రీ ముద్ర వేసిన కాగితము మాత్రమే.

ఈ ప్రశ్న మన సీమకు నిన్న మొన్న వచ్చినది కాదు. 1948వరకు బీబీపేట నిజాము రాజ్యములోనిది. బెజవాడ బ్రిటిషు ఇండియాలోనిది. రెండు చోట్లను మాటలాడినది తెలుగే. బంధుత్వములును, వర్తకమును ఎల్లకు ఈవల నావల సాగుచునే యుండెను. కాని నిజాము అదాలతు చెప్పిన తీర్పు బ్రిటిషు ఇండియాలోని న్యాయస్థానమునకు పరరాజ్యపు తీర్పు. హైదరాబాదు యూనియనులో కలిసిన పిమ్మట, 1951 ఏప్రిలు 1వ తేదీనుండి సివిలు ప్రొసీజరు కోడు పూర్వపు సంస్థానములకును వ్యాపించుటతో ఆ ఎల్ల చెరిగిపోయినది. ఐనను దాని నీడ కొంతకాలము నిలిచినది. గ్వాలియరు న్యాయస్థానము 1948లో నిచ్చిన యొక డిక్రీని అలహాబాదులో అమలు జరుపుటకు 1951లో ప్రయత్నము జరిగినది. ప్రతివాదులు గ్వాలియరు ప్రజలు కారనియు, ఆ న్యాయస్థానపు అధికారమునకు లోబడలేదనియు, అది పుట్టిననాడే పరరాజ్యపు డిక్రీ యనియు నిర్ణయించి సుప్రీంకోర్టు 1962లో దానిని త్రోసివేసినది. ఒకే దేశమైన పిదప గూడ పాత ఎల్ల పదునాలుగేండ్లు వ్యాజ్యమును నడిపినదన్న మాట. దీనివలన నొక సంగతి తెలియుచున్నది. న్యాయమునకు అడ్డుపడు ఎల్ల కొండయు కాదు, సముద్రమును కాదు. అది రాజ్యములు వ్రాసికొన్న గీత. రాజ్యములే పూనుకొన్నచో దానిని తెరవవచ్చును.

పరరాజ్యపు తీర్పును మన న్యాయస్థానములు ఎట్లు చూచుననునది 1908నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 13వ సెక్షనున నున్నది. ఆ తీర్పు సామాన్యముగా కక్షిదారులను కట్టివేయును. కాని ఆరు సందర్భములలో కట్టివేయదు. తీర్పు చెప్పిన న్యాయస్థానమునకు తగిన అధికారము లేనప్పుడు; వ్యాజ్యములోని గుణదోషములు విచారింపనప్పుడు; అంతర్జాతీయ న్యాయమును పొరపాటుగా గ్రహించినట్లు గాని, అన్వయింపవలసిన భారతీయ చట్టమును నిరాకరించినట్లు గాని తీర్పులోనే కానవచ్చినప్పుడు; ప్రతివాదికి తన మాట చెప్పుకొను నవకాశము నీయక సహజన్యాయమునకు విరుద్ధముగా నడచినప్పుడు; మోసముచేత సంపాదించినప్పుడు; భారతదేశమున అమలులోనున్న చట్టమును ఉల్లంఘించిన హక్కును నిలువబెట్టినప్పుడు. ఈ ఆరు ద్వారములును మన ప్రజలకు రక్షణలు. వీనిని ప్రతి గృహస్థుడును స్థూలముగానైన నెరిగియుండుట మంచిది.

ఇంతకంటె ముఖ్యమైనది 1937లో చేర్చిన 44-ఎ సెక్షను. పరస్పరము తీర్పులను మన్నించుకొను రాజ్యములుగా కేంద్ర ప్రభుత్వము గెజిటులో ప్రకటించిన దేశముల పై న్యాయస్థానములు సొమ్ము చెల్లింపుకై ఇచ్చిన డిక్రీని మన జిల్లా న్యాయస్థానములో దాఖలు చేసినచో, అది ఆ జిల్లా న్యాయస్థానమే ఇచ్చిన డిక్రీవలె అమలు జరుగును. క్రొత్తగా దావా వేయ నక్కరలేదు. ఇంగ్లండు, సింగపూరు, హాంగుకాంగు, మలేషియా, న్యూజీలాండు మొదలగునవి ఈ జాబితాలో నున్నవి. అమెరికా లేదు. అమెరికా డిక్రీ పొందినవాడు దాని నాధారముగా చేసికొని మూడేండ్లలోపల ఇచ్చట వేరుగ దావా వేసికొనవలెను. ఇక మన సీమకు సంబంధించిన మార్పు 2020 జనవరి 17వ తేదీన జరిగినది. ఆనాటి గెజిటు ప్రకటనచేత సంయుక్త అరబ్బు ఎమిరేట్లు ఈ జాబితాలో చేరినవి. దుబాయి, అబూధాబి, షార్జా మొదలగు చోట్ల న్యాయస్థానములు అందు పేర్కొనబడినవి.

ఈ ప్రకటన భావమేమో పల్లెవారికి తెలిసినట్లు మాకు తోచదు. పూర్వము దుబాయి బ్యాంకులో అప్పు తీసికొని, పని పోయి, ఇంటికి తిరిగి వచ్చినవాడు అచ్చటి కాగితము ఇచ్చటికి రాదని ధైర్యముగా నుండెను. ఇప్పుడట్లు కాదు. 2022 జూన్ 2వ తేదీనుండి కామారెడ్డికి ప్రత్యేకముగ జిల్లా న్యాయస్థానము ఏర్పడినది. దుబాయి డిక్రీ అచ్చట దాఖలై, బీబీపేటలోని స్థిరాస్తిపై జప్తునకు రావచ్చును. అందుచేత విదేశపు సమను వచ్చినప్పుడు దానిని చించి పారవేయుట వివేకము కాదు. సమను సక్రమముగా అందియు హాజరు కానివాడు, నాకు తెలియదని పిమ్మట చెప్పుట కష్టము. ప్రతివాది రాలేదన్న కారణము మాత్రముననే, సాక్ష్యము విచారింపకయే ఇచ్చిన ఎక్స్‌పార్టీ తీర్పు గుణదోషములు విచారించిన తీర్పు కాదని వాదింపవచ్చును. కాని సాక్ష్యము తీసికొని ఇచ్చిన ఎక్స్‌పార్టీ తీర్పునకు ఈ వాదము చెల్లదు.

భయపడవలసినంత సంగతియు లేదు. 44-ఎ సెక్షను క్రింద వచ్చిన డిక్రీకిని 13వ సెక్షనులోని ఆరు రక్షణలు వర్తించును. పన్నులకు, జుల్మానాలకు సంబంధించిన డిక్రీలు ఈ విధముగ నమలు జరుగవు. ఇచ్చటి డిక్రీకిగల హద్దులే దానికిని గలవు. వ్యవసాయదారుడు గాని, కూలివాడు గాని తాను కాపురముండు ఇల్లును జప్తు చేయరాదని 60వ సెక్షను చెప్పుచున్నది. వ్యవసాయదారుని జీవనమునకు అవసరమైన పశువులకును, విత్తనపు ధాన్యమునకును అట్టి రక్షణయే కలదు. కాలపరిమితి విషయమును సుప్రీంకోర్టు 2020 మార్చి 17వ తేదీన తేల్చినది. 1995నాటి యొక లండను డిక్రీని 2009లో ఇచ్చట అమలు జరుపగోరినప్పుడు, డిక్రీ ఇచ్చిన దేశపు కాలపరిమితియే వర్తించునని చెప్పి ఆ కోరికను నిరాకరించినది. స్వదేశమున చచ్చిన డిక్రీ మన దేశమున బ్రదుకదు.

అప్పు తీర్పవలసినదే. అప్పు ఎగవేయుటకు ఎల్ల ఒక చాటు కారాదు. ఈ విషయమున మాకు సందేహము లేదు. కాని మేమడుగునది వేరు. అప్పిచ్చినవానికి తెరచిన ద్వారము చెమటోడ్చినవానికి తెరచినదా? 1999లో మన ప్రభుత్వమునకును ఎమిరేట్లకును సివిలు, వర్తక విషయములలో న్యాయసహకారమునకై ఒడంబడిక జరిగినది. దానినిబట్టి మన డిక్రీలు అచ్చటను, వారి డిక్రీలు ఇచ్చటను అమలు జరుగవలెను. కాగితముపై ఇరువైపుల సమానమే. కాని బ్యాంకునకు వకీళ్లున్నారు, లెక్కలున్నవి, దస్తావేజులున్నవి. కూలివానికి ఏమున్నది? ఆరు నెలల జీతము బాకీపడి, వీసా గడువు తీరి, చేతికిచ్చిన టిక్కెట్టుతో విమానమెక్కినవాడు బీబీపేటకు వచ్చి ఎవరిపై దావా వేయును? యజమాని ఇచ్చటివాడు కాడు. అతని ఆస్తి ఇచ్చట లేదు. పని జరిగిన దేశమున దావా వేయవలెనన్న, అచ్చట నుండుటకు అనుమతి లేదు. 2020లో కరోనా విపత్తునందు జీతపు బాకీలు వదలుకొని విమానములెక్కి వచ్చినవారు మన పల్లెలలో పెక్కుమంది యున్నారు. వారి బాకీలలో హెచ్చుభాగము ఏ న్యాయస్థానపు చిట్టాకును ఎక్కలేదు. ఇక సౌదీ అరేబియా, కతారు, కువైటు, ఓమాను, బహరేను రాజ్యములు 44-ఎ జాబితాలోనే లేవు.

ఇట్టివారికి చట్టమున బొత్తిగా దిక్కు లేదనుట గూడ సరి కాదు. 1983నాటి ఎమిగ్రేషను చట్టము క్రింద నమోదైన ఏజెంటుద్వారా పోయినవానికి, ఆ ఏజెంటు ప్రభుత్వమునకు కట్టిన ధరావతు కొంత యూత. కరారు ఇచ్చట కుదిరినచో, వ్యాజ్యకారణములో కొంత ఇచ్చటనే పుట్టినదని 20వ సెక్షను క్రింద ఏజెంటుపై మన న్యాయస్థానమున దావా వేయవచ్చును. అర్హులైనవారికి వ్యాజ్య సహాయము చేయుటకై 2009లో ఏర్పరచిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి రాయబార కార్యాలయముల చేత నున్నది. కాని లైసెన్సు లేని దళారి మాట నమ్మి, విజిటు వీసాపై పోయి, కరారు కాగితము చూడనివానికి ఈ యూతలేవియు అందవు. అందుచేత పోవువాడు పోకమున్నె తన కరారు ప్రతిని, వీసా ప్రతిని, ఏజెంటునకు చెల్లించిన సొమ్మునకు రసీదును ఇంటిలో నుంచి పోవలెను. తిరిగివచ్చువాడు రాకమున్నె తన బాకీని గూర్చి అచ్చటి కార్మికశాఖకును, మన రాయబార కార్యాలయమునకును వ్రాతమూలముగ నెరిగించి, పైరవి చేయుటకు నమ్మకమైన వానికి ముక్తారునామా వ్రాసి రావలెను.

సొమ్మువలెనే సంసారములును ఈ ఎల్లకడ తగులుకొనుచున్నవి. ఈ విషయమున దేశమంతటికిని మార్గము చూపిన వ్యాజ్యము తెలుగుగడ్డనే పుట్టినది. 1975లో తిరుపతిలో వివాహమాడిన యొక దంపతులు 1978లో వేరైరి. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున న్యాయస్థానమునకు పోయి, తొంబది దినముల నివాసమును చూపి, 1980లో విడాకుల డిక్రీ సంపాదించెను. భార్య ఆ న్యాయస్థానపు అధికారమును అంగీకరింపలేదు. 1981లో అతడు యాదగిరిగుట్టలో మరియొక వివాహము చేసికొనెను. భార్య ద్వితీయ వివాహపు నేరము మోపినది. 1991 జూలై 9వ తేదీన సుప్రీంకోర్టు ఆ విడాకులను మన్నింపలేదు. ఏ చట్టము క్రింద వివాహము జరిగినదో ఆ చట్టమంగీకరించు న్యాయస్థానమే, ఆ చట్టము చెప్పిన కారణముపైననే విడాకులీయవలెనని జస్టిసు పి.బి. సావంతు వ్రాసిన తీర్పు చెప్పుచున్నది. ప్రతివాది ఆ దేశముననే స్థిరనివాసియై, మన చట్టమంగీకరించు కారణముపై తీర్పు వచ్చినను, లేదా ప్రతివాది స్వేచ్ఛగా హాజరై అట్టి కారణముపైననే వాదించినను, లేదా విడాకులకు ప్రతివాదియే సమ్మతించినను మాత్రము వేరుమాట. పల్లెటూరి యింట కూర్చున్న స్త్రీకి తెలియకయే, వేల మైళ్ల దూరమున ఆమె వివాహము రద్దు కారాదన్నది ఈ తీర్పు సారము. మూడు దశాబ్దములు గడచినను ఇది యెందరో ఆడబడుచులకు కవచముగ నున్నది.

ఐనను తీర్పు కవచము మాత్రమే. పోషణకై ఇచ్చట పొందిన డిక్రీ అమెరికాలోని జీతముపై తనంతట పనిచేయదు. తల్లిదండ్రులలో నొకరు బిడ్డను తీసికొని ఎల్ల దాటినప్పుడు చిక్కు ఇంకను పెద్దది. ఇట్టి బిడ్డలను వారి నివాసదేశమునకు వెంటనే పంపుటకై 1980లో హేగు నగరమున నేర్పడిన ఒడంబడికలో మన దేశము చేరలేదు. బిడ్డ క్షేమమే ప్రధానమనియు, పరదేశపు ఉత్తరువు దానికి లోబడినదనియు సుప్రీంకోర్టు 2017లో చెప్పినది. హింసకు తాళలేక బిడ్డతో పుట్టింటికి వచ్చిన తల్లిని యాంత్రికముగ వెనుకకు త్రోయరాదన్న భయము న్యాయమైనదే. కాని నియమము లేకపోవుటయు రక్షణ కాదు; ఏండ్ల తరబడి సాగు వ్యాజ్యమున బిడ్డయే పెరిగిపోవుచున్నది. ప్రవాసుల కుటుంబ విషయములపై చట్టము కావలెనని లా కమిషను 2009లో చెప్పినది. 2024 ఫిబ్రవరిలో 287వ నివేదికలో మరల చెప్పినది. చెప్పుట రెండుసార్లు జరిగినది. చేయుట మిగిలియున్నది.

భూస్వాములైన మా పాఠకులకు భూమిని గూర్చి యొక మాట. భూమి కదలదు, కావున దానిపై హక్కును ఆ భూమియున్న చోటి న్యాయస్థానమే నిర్ణయింపవలెనన్నది లోకమంతట అంగీకరించిన సూత్రము. ఇంగ్లండులో ప్రభువుల సభ 1893లోనే ఆఫ్రికాలోని భూములను గూర్చిన వ్యాజ్యమున దీనిని స్థిరపరచినది. మన కోడులోని 16వ సెక్షనును అదే చెప్పును. అమెరికా న్యాయస్థానము విడాకులిచ్చుచు బీబీపేట పొలమును పంచినను ఆ పంపకము ఇచ్చట చెల్లదు. కాని ఈ సూత్రమును నమ్మి నిశ్చింతగా నుండరాదు. భూమి ఇచ్చటను, హక్కుదారుడు అచ్చటను ఉన్నప్పుడు పని జరుగునది ముక్తారునామాపైన. విదేశమున వ్రాసిన ముక్తారునామాతో ఇచ్చట రిజిస్టరీ జరుపవలెనన్న, అది అచ్చట నోటరీయెదుట గాని, న్యాయాధిపతియెదుట గాని, మన కాన్సులు మొదలగు అధికారులయెదుట గాని వ్రాసి ధ్రువపరచినదై యుండవలెను. మన దేశమునకు వచ్చిన మూడు నెలలలోపల స్టాంపు చేయించవలెను. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణము, అమ్ముటకా, కౌలుకిచ్చుటకా యనునది స్పష్టముగ వ్రాయనిచో అన్నదమ్ముల నడుమనే వ్యాజ్యము పుట్టును.

ఎల్ల దాటిన సొమ్ము ఎంతకాలమునకు తిరిగివచ్చునో నిజాము చరిత్రయే చెప్పుచున్నది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు ప్రభుత్వపు సొమ్ము 10,07,940 పౌండ్లు లండనులోని వెస్టుమినిష్టరు బ్యాంకునందు పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు మారినది. నిజాము దావా వేయగా, పాకిస్తానునకు సార్వభౌమ రాజ్యముగా విచారణనుండి మినహాయింపు కలదని 1957లో ప్రభువుల సభ దానిని నిలిపివేసినది. 2013లో పాకిస్తానే న్యాయస్థానమునకు వచ్చుటచే ఆ మినహాయింపు పోయినది. 2019 అక్టోబరు 2వ తేదీన తీర్పు వచ్చి, అప్పటికి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లుగా పెరిగిన ఆ సొమ్ము భారత ప్రభుత్వమునకును, నిజాము వారసులకును చెందినది. డెబ్బదియొక సంవత్సరములు పట్టినది. కోటలును, ఖజానాలును గలవానికే ఇంతకాలము పట్టినచో, ఆరు నెలల జీతముకై ఎదురుచూచు కూలివాని గతి యేమి?

పరదేశపు తీర్పులను మన్నించుట స్వరాజ్యమునకు లోపమని కొందరనుచున్నారు. మేమంగీకరింపము. దాస్యముననున్న దేశమునకు ఒడంబడికలు పరులు వ్రాయుదురు. స్వతంత్ర దేశము తన ఒడంబడికలు తానే వ్రాసికొనును. తలుపు మూసికొనుటకంటె, ఎవరికై ఎంత తెరవవలెనో నిర్ణయించుటయే ప్రభుత్వ లక్షణము. తీర్పుల పరస్పర గుర్తింపునకై 2019లో హేగున కుదిరిన ఒడంబడిక 2023 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఉద్యోగపు కరారులును దాని పరిధిలో నున్నవి. మన దేశము అందు చేరలేదు. చేరిన రాజ్యముల నడుమనే అది పనిచేయును గనుక, మన కూలివారున్న రాజ్యములతో వేరుగ ఒడంబడికలును కావలెను.

కావున ప్రభుత్వమునకు మా సూచనలు నాలుగు. మిగిలిన గల్ఫు రాజ్యములతో తీర్పుల అమలును గూర్చి ఒడంబడికలు చేసికొని, వానిలో జీతపు డిక్రీలను స్పష్టముగ పేర్కొనవలెను. తిరిగివచ్చిన కూలివాడు తన ఊరినుండియే రాయబార కార్యాలయముద్వారా దావా నడుపుటకును, దూరదృశ్య సాధనములతో సాక్ష్యమిచ్చుటకును వీలు కల్పింపవలెను. కామారెడ్డివంటి జిల్లాలలో జిల్లా న్యాయసేవా సంస్థ ప్రవాసుల వ్యాజ్యములకై ప్రత్యేకముగ నొక వకీలును నియమింపవలెను. లా కమిషను కోరిన కుటుంబ చట్టమును, బిడ్డల విషయమున తల్లుల భద్రతను మరువని నియమమును పార్లమెంటు చేయవలెను. వీనిలో కోట్ల వ్యయము కోరునది యేదియు లేదు. కావలసినది సంకల్పము.

దుబాయి బ్యాంకు డిక్రీ బీబీపేటకు వచ్చుటకు త్రోవ వేసిన ప్రభుత్వమునకు, బీబీపేట కూలివాని జీతము గల్ఫునుండి వచ్చుటకు త్రోవ వేయుట అశక్యము కాదు. అతడు పంపిన సొమ్ముతో ఈ పల్లెలలో ఇండ్లు లేచినవి, పెండ్లిండ్లు జరిగినవి, అప్పులు తీరినవి. అతనికి చెందవలసిన సొమ్మునకై అతని వెంట న్యాయమును పంపుట మన ధర్మము.